ఎర్ర లైటు మిణుకుమంటే రికార్డవుతున్నట్టు కాదు

మా చెల్లెలి బ్యాండు చేసిన మొదటి పెద్ద కచేరీ నా దగ్గర లేదు. రెండు గంటల పది నిమిషాల సేపు మూడో వరసలో కూర్చుని, చెయ్యి కదిలితే ఎక్కడ చప్పుడు పడుతుందోనని బిగుసుకుపోయాను. రికార్డర్ మీద ఎర్ర లైటు మిణుకుమంటూనే ఉంది. శబ్దం ఎంత గట్టిగా వస్తోందో చూపే లెవెల్ గీతలు పాటతోపాటు ఎగిరిపడుతూనే ఉన్నాయి. హెడ్‌ఫోన్స్‌లో కూడా అంతా చక్కగా వినిపించింది. ఇంటికొచ్చి కార్డు తీసి చూస్తే ఫైలే లేదు. చాలా రికార్డర్లలో రికార్డ్ బటన్ ఒకసారి నొక్కితే అది సిద్ధంగా ఉంటుందంతే. లెవెల్ సరిచూసుకోవడానికి వీలుగా గీతలు కదులుతాయి, లైటు మిణుకుతుంది. రెండోసారి నొక్కితేనే లైటు నిలకడగా వెలిగి, నిమిషాల అంకె కదలడం మొదలుపెడుతుంది. ఇదంతా దాంతోపాటు వచ్చిన పుస్తకంలో మూడో పేజీలోనే ఉంది. నేను బొమ్మలు చూసి మూసేశాను.

ఆ మర్నాడే బటన్ పక్కన తెల్ల టేపు ముక్క అంటించి దాని మీద "2" అని రాశాను. ఇప్పటికీ కచేరీకి రికార్డర్ కొంటామని ఎవరైనా సలహా అడిగితే ముందు ఈ సంగతే చెబుతాను. కొనేటప్పుడు అందరం డబ్బా మీది అంకెలే చూస్తాం: ఇన్ని బిట్లు (ఒక్కో కొలత ఎంత సూక్ష్మమో), ఇన్ని కిలోహెర్ట్జ్ (సెకనుకు ఎన్ని వేల కొలతలో), ఇన్ని ట్రాకులు (విడివిడిగా రాసే శబ్దాలు). రికార్డింగ్ పాడయ్యేది మాత్రం వేరే చోట. చీకట్లో తెర కనబడదు. లెవెల్ తప్పుతుంది. సెల్స్ అయిపోతాయి. ఒక రంధ్రంలో పెట్టాల్సిన వైరు ఇంకో రంధ్రంలోకి పోతుంది. ఈ ఎనిమిదేళ్లలో, మూడు రికార్డర్ల మీద, ఇవన్నీ నేను చేసినవాడినే. పాట మొదలయ్యాక మళ్లీ ముట్టుకునే అవసరం రానిదే కచేరీకి పనికొచ్చే రికార్డర్ అని నాకు చివరికి అర్థమైంది.

ఫోన్ సంగతి త్వరగా తేల్చేస్తాను. దాని మైకు మాటల కోసం పెట్టింది. గోల తగ్గించడం, చిన్న శబ్దాన్ని పెంచడం, పెద్ద శబ్దాన్ని అణచడం అదే చేసుకుంటుంది. మాటలకు అది మేలే, సంగీతానికి శాపం. ఇక మధ్యలో ఫోన్ వస్తే సరేసరి.

నా మొదటి రికార్డర్ అరచేతిలో పట్టే చిన్నది, తలమీద రెండు మైకులు. కొత్తవాడిని కదా, లెవెల్ ఆటోలో వదిలేశాను. దాని పేరు వింటే ఎంత నమ్మకంగా ఉంటుంది! డ్రమ్ము మీద దెబ్బ పడగానే అది వచ్చే శబ్దాన్ని పెంచి తగ్గించే గెయిన్‌ను కిందికి లాగేస్తుంది, తర్వాత మెల్లగా పైకి తెస్తుంది. ఆ దిగడం ఎక్కడంలో గొంతు మునిగి తేలుతూ ఉంటుంది. పాట అయిపోయాక నిశ్శబ్దంలో అది గెయిన్‌ను బాగా పెంచేసి, పక్క సీటాయన దగ్గును గాయని గొంతంత చేసి చూపిస్తుంది. చెల్లెలు విని, "అన్నయ్యా, నేను పాడుతుంటే ఎవరో వచ్చి నా నోరు మూసి తీస్తున్నారా?" అంది. కొనేముందు చూడాల్సిన మొదటి విషయం అప్పుడు తెలిసింది. ఆటో లెవెల్‌ను పూర్తిగా ఆపే వీలుండాలి, గెయిన్ మార్చడానికి చేతికి తగిలే చక్రమో బటనో బయటే ఉండాలి. మెనూలో నాలుగు మెట్లు దిగితే గానీ దొరకని గెయిన్ చీకటి హాల్లో లేనట్టే లెక్క.

గెయిన్ చేత్తో పెట్టుకోవడం మొదలుపెట్టాక ఇంకో పాఠం. కచేరీకి ముందు జరిగే సౌండ్ చెక్‌లో అందరూ సగం బలంతో వాయిస్తారు. జనం వచ్చాక, చప్పట్లు పడ్డాక అదే డ్రమ్మరు చేతికి ఇంకో బలం వస్తుంది. సౌండ్ చెక్‌లో సరిగ్గా పైదాకా వచ్చేలా పెట్టుకున్న లెవెల్ రెండో పాటకే అంచు దాటిపోయింది. మామూలు డిజిటల్ రికార్డింగులో అంచు దాటిన అలల తలలు తెగిపోతాయి, తెగినవి మళ్లీ రావు. అందుకే ఇప్పుడు సౌండ్ చెక్‌లో అన్నిటికన్నా పెద్ద దెబ్బ అంచును సున్నా అనుకుంటే మైనస్ 18 డెసిబెల్స్ దగ్గర ఆగేలా చూస్తాను. "అంత తక్కువా?" అని భయపడక్కర్లేదు. అతి చిన్న శబ్దానికీ అతి పెద్ద శబ్దానికీ మధ్య 16 బిట్లలో పట్టేది 96 డెసిబెల్స్ వ్యత్యాసం. 24 బిట్లలో లెక్క ప్రకారం 144. అసలైన మైకులు, సర్క్యూట్లు అంత నిశ్శబ్దంగా ఉండవు కాబట్టి 24 బిట్లలో పైన ఖాళీ వదిలినందువల్ల కింద పోయేది మనకు ఎలాగూ అక్కరకు రానిదే. తర్వాత కంప్యూటర్లో పెంచుకుంటే పోతుంది. కాబట్టి కచేరీకి 24 బిట్లు కావాలి. 96 కిలోహెర్ట్జ్ మాత్రం నేను వాడి మానేశాను. ఫైలు రెట్టింపవడం తప్ప నా చెవికి తేడా దక్కలేదు. 48 చాలు.

ఇప్పుడందరూ అడిగేది 32 బిట్ ఫ్లోట్ గురించి. 2019లో జూమ్ ఎఫ్6, సౌండ్ డివైసెస్ మిక్స్‌ప్రీ రెండో తరం వచ్చినప్పుడు ఇది సినిమా షూటింగుల వాళ్ల సామాను. 2022లో జూమ్ ఎఫ్3 చేతిలో పట్టేంత చిన్నదైంది. 2024లో హెచ్1ఎసెన్షియల్ వచ్చేసరికి చొక్కా జేబులోకి వచ్చేసింది. కిటుకు ఏమిటంటే, వచ్చే శబ్దాన్ని అంకెలుగా మార్చే కన్వర్టర్లు రెండు ఒకేసారి కొలుస్తాయి. ఒకటి చిన్న శబ్దాలకు, రెండోది పెద్ద శబ్దాలకు. వాటిని కలిపి రాసే ఫైలులో కాగితం మీద 1,500 డెసిబెల్స్‌కు పైగా చోటుంటుంది. భూమ్మీద ఏ చప్పుడూ దాని అంచుకు చేరదు. గెయిన్ పెట్టాల్సిన పనే లేదు. అంచు దాటినట్టు కనబడ్డ చోట కంప్యూటర్లో తగ్గిస్తే అల మళ్లీ గుండ్రంగా వచ్చేస్తుంది. మొదటిసారి అలా తగ్గించి చూసినప్పుడు నాకు చేతబడిలా అనిపించింది.

కానీ తొట్టి ఎంత పెద్దదైనా బావిలోనే బురదుంటే వచ్చేది బురదే. మైకు లోపల శబ్దానికి కదిలే పల్చటి రేకు ఓర్చుకోగలిగినదానికి ఒక హద్దుంటుంది. చిన్న రికార్డర్ల మైకులకు 120 డెసిబెల్స్ దగ్గర హద్దు రాసి ఉంటుంది. స్పీకరుకు బారెడు దూరంలోనో డ్రమ్ము పక్కనో పెడితే అది దాటిపోవచ్చు. మైకు దగ్గరే చెడిపోయిన శబ్దాన్ని 32 బిట్లూ అంతే శ్రద్ధగా, చెడినది చెడినట్టే, దాచిపెడతాయి. అందుకని కొనేటప్పుడు బిట్ల అంకె పక్కనే ఎస్‌పీఎల్ హద్దు, అంటే మైకు ఓర్చుకునే శబ్దం ఎంతో కూడా చూడండి. హోరెత్తించే కచేరీలకే వెళ్తారనుకుంటే నేనైతే బిట్ల కన్నా ఆ అంకెకే ఎక్కువ విలువిస్తాను.

బయటి చిన్న మైకులు తగిలించుకునేవాళ్లకు ఇందులోనే ఇంకో చిక్కుంది. చొక్కా అంచుకు పెట్టుకునే ఆ మైకులకు రికార్డర్ ఇచ్చే కరెంటు రెండు మూడు వోల్టులే. బేస్ గిటారు గట్టిగా మోగితే అంత తక్కువ వోల్టేజిలో మైకు లోపలి సర్క్యూట్‌కే ఊపిరాడదు. లెవెల్ గీతలు సగంలోనే ఉంటాయి, శబ్దం మాత్రం గోడకు గుద్దుకున్నట్టు చదునుగా ఉంటుంది. ఇలా ఒక రాత్రంతా నేను గెయిన్ తగ్గిస్తూ పోయాను, ఏం లాభం? తొమ్మిది వోల్టుల బ్యాటరీతో నడిచే చిన్న పెట్టె ఒకటి మధ్యలో పెట్టాక గానీ తీరలేదు.

మైకు నుంచి వచ్చే సన్నని సిగ్నల్‌ను పెంచే ప్రీయాంప్ రొద గురించి కూడా ఒక మాట. ఒక రికార్డర్‌కి ఆ రొద మైనస్ 120 డీబీయూ (వోల్టేజిని కొలిచే ఒక లెక్క), ఇంకోదానికి మైనస్ 127 అని రాసి ఉంటే రెండోది నిశ్శబ్దంగా ఉన్నట్టు. స్పీకర్లు పెట్టిన కచేరీలో ఆ తేడా మీకు వినబడదు, హాలు రొదే దానికన్నా చాలా ఎక్కువ. స్పీకర్లు లేకుండా ఒకరే కూర్చుని వేణువు వాయించే చోట మాత్రం బుస్సుమనే ఆ సన్నని చప్పుడు రెండు స్వరాల మధ్య దూరి కూర్చుంటుంది. మీరు వెళ్లే కచేరీలు ఎలాంటివో తేల్చుకోకుండా ఈ అంకెకు డబ్బు పోయకండి.

ఎక్కడ పెట్టాలన్నది రికార్డర్ ఎంపికలో భాగమే. రెండు మైకులూ ఒకేచోట ఒకదాని మీద ఒకటి అడ్డంగా 90 డిగ్రీల్లో ఉండే అమరికను ఎక్స్-వై అంటారు. వేదికకు కాస్త దగ్గరగా, మధ్యలో కూర్చునేవాళ్లకు అది భేషుగ్గా ఉంటుంది. వెనక వరసల్లో కూర్చుంటే వేదిక అంతా ఆ 90 డిగ్రీల మధ్య ఒక చిన్న ముక్కైపోయి దాదాపు ఒకే మైకుతో తీసినట్టుంటుంది. కొన్నింటిలో మైకులను 120 డిగ్రీలకు తిప్పుకోవచ్చు, కొన్నింటిలో బయటికి విప్పి ఎడంగా పెట్టుకోవచ్చు. నేను కూర్చునే చోటు నా చేతిలో ఉండదు కాబట్టి తిప్పుకునే మైకులున్నదే కావాలనుకున్నాను. అడుగున కెమెరా స్టాండుకు పట్టే మర ఉందో లేదో కూడా చూసుకోవాలి. చేత్తో పట్టుకుని రెండు గంటలు తీయడం మనిషివల్ల కాదు. వేలు కాస్త జరిగినా ఎలుక కొరికినట్టు పడుతుంది. ఏసీ గాలి తిన్నగా మైకుల మీదికి వస్తుంటే స్పాంజి టోపీ పెట్టాల్సిందే.

అసలు కథ, వేదిక మీది మైకులన్నిటినీ కలిపి స్పీకర్లకు పంపే మిక్సర్ దగ్గర మొదలవుతుంది. చెల్లెలి బ్యాండు వాళ్లు నన్ను నమ్మడం మొదలుపెట్టాక, మిక్సర్ నుంచే వైరు తీసుకోమన్నారు. ఇంకేం, దగ్గులుండవు, కుర్చీల కిర్రుకిర్రులుండవు అని సంబరపడ్డాను. రికార్డర్‌కున్న మైకు రంధ్రంలోనే వైరు గుచ్చాను. మైకు నుంచి వచ్చేది మిల్లీవోల్టుల్లో ఉంటుంది. మిక్సర్ నుంచి వచ్చే లైన్ లెవెల్ ప్లస్ 4 డీబీయూ, అంటే సుమారు 1.23 వోల్టులు. గెయిన్ సున్నాకు దించినా గొంతు రంపంతో కోసినట్టే వచ్చింది. తలుపు దగ్గరే ఇరుక్కుపోయిన దాన్ని లోపల ఎంత సర్దితే మాత్రం ఏముంది? లైన్ ఇన్ విడిగా ఉన్నదో, ఆ రంధ్రాన్నే లైన్‌కు మార్చుకునే వీలున్నదో కొనుక్కోవాలి. లేదంటే మధ్యలో లెవెల్ తగ్గించే అటెన్యుయేటర్ వైరు ఒకటి సంచిలో ఉండాలి.

రెండోసారి సరైన రంధ్రంలో పెట్టాను. అప్పుడు ఇంకో వింత. గొంతు అద్దంలా ఉంది, కీబోర్డు ఉంది, డ్రమ్స్ ఎక్కడో పక్క ఊళ్లో మోగుతున్నట్టున్నాయి. చిన్న హాల్లో డ్రమ్స్‌కు, గిటారు యాంప్‌కు స్పీకర్ల సాయం అక్కర్లేదు. అవి వేదిక మీది నుంచే హాలు నింపేస్తాయి. కాబట్టి మిక్సర్ దగ్గర కూర్చునే ఆయన వాటిని బాగా తగ్గించి, గొంతును పెంచుతాడు. ఆయన పని హాల్లో సమంగా వినిపించేలా చేయడం, నా వైరులోకి సమంగా పంపడం కాదు. తప్పు ఆయనది కాదు. డ్రమ్మరు మాత్రం ఆ ఫైలు విని మూడు రోజులు నాతో మాట్లాడలేదు.

సరే, హాలు శబ్దం ఒక రికార్డర్‌లో, మిక్సర్ వైరు ఇంకో రికార్డర్‌లో తీసి తర్వాత కలుపుదామనుకున్నాను. ఉన్న రెండూ వాడినట్టవుతుంది, కొత్తది కొనక్కర్లేదు. శబ్దం సెకనుకు సుమారు 343 మీటర్లు పోతుంది. నేను స్పీకర్లకు 15 మీటర్ల దూరంలో ఉంటే నా మైకులకు చేరేసరికి దాదాపు 44 మిల్లీసెకన్లు ఆలస్యం. వైరులో ఆలస్యమే లేదు. ఆ తేడా కంప్యూటర్లో జరిపితే పోయింది, మొదటి పాట అతికినట్టు కుదిరింది. నా అంత తెలివైనవాడు లేడనుకున్నాను. అయిదో పాటకు గొంతు కాస్త గుహలో ఉన్నట్టనిపించింది. చివరి పాటకొచ్చేసరికి డ్రమ్ము ప్రతి దెబ్బా రెండుసార్లు పడింది.

రెండు రికార్డర్లలో రెండు గడియారాలుంటాయి. రెండూ సెకనుకు 48,000 కొలతలనే చెప్పుకుంటాయి గానీ ఏ రెండూ కచ్చితంగా ఒకేలా నడవవు. పది లక్షలకు 20 వంతుల తేడా ఉన్నా గంటకు 72 మిల్లీసెకన్లు, రెండు గంటలకు 144. చెవి పట్టేయడానికి అది ఎక్కువే. ఒక ఫైలును సాగదీసి కలపొచ్చు, నేనూ కలిపాను. ఆ పనికి ఒక ఆదివారం మొత్తం పోయింది. చప్పట్లు ఉన్న చోటల్లా ఆగి, రెండు అలలను పక్కపక్కన పెట్టి చూస్తూ కూర్చున్నాను. ఆ సాయంత్రమే మూడో రికార్డర్ కొనాలని తేలిపోయింది. సొంత మైకులు రెండు, ఎక్స్ఎల్ఆర్ (పెద్ద మైకుల, మిక్సర్ల వైర్లకుండే మూడు పిన్నుల గుండ్రటి రకం) ఇన్‌పుట్లు రెండు, నాలుగూ ఒకే గడియారం మీద విడివిడి ట్రాకులుగా రాసేది. 2009లో వచ్చిన జూమ్ హెచ్4ఎన్ ఈ పద్ధతికి పేరు తెచ్చింది. టాస్క్యామ్ డీఆర్-40ఎక్స్, జూమ్ హెచ్4ఎసెన్షియల్ కూడా ఈ కోవలోవే. నా దగ్గరున్నదేమిటో చెప్పను. చెబితే మిగతాదంతా వదిలేసి అదే కొంటారు.

కరెంటు సంగతి చిన్నదే గానీ రికార్డింగుల ప్రాణం తీసేది అదే. మార్చుకునే ఏఏ సెల్స్ ఉన్నవాటినే నేను ఇష్టపడతాను. లోపలే బిగించిన బ్యాటరీ మూడేళ్లకు నీరసపడితే మన చేతిలో ఏమీ ఉండదు. 2009లో వచ్చిన సోనీ పీసీఎం-ఎం10 రెండు ఏఏ సెల్స్‌తో పగలంతా నడిచేది. తయారీ ఆగిపోయి ఏళ్లయినా దానికోసం వెతికేవాళ్లు ఉన్నారంటే అదొక కారణం. ఎక్స్ఎల్ఆర్ మైకులకు ఆ వైరులోంచే పంపే 48 వోల్టుల ఫాంటమ్ పవర్ ఇస్తే మాత్రం సెల్స్ మంచు కరిగినట్టు కరుగుతాయి. చార్జింగ్ సెల్స్ వాడితే మెనూలో ఆ రకాన్నే ఎంచుకోండి. అవి 1.2 వోల్టులవి కాబట్టి లేకపోతే మిగిలింది ఎంతో తప్పుగా చూపిస్తుంది. పవర్ బ్యాంకును గుడ్డిగా నమ్మకండి. రికార్డర్ లాగేది ఎంత తక్కువంటే కొన్ని పవర్ బ్యాంకులు ఏమీ తగిలించలేదనుకుని వాటంతటవే ఆగిపోతాయి. ఇంట్లో మూడు గంటలు నడిపి చూశాకే హాలుకు తీసుకెళ్లండి.

చోటు లెక్క కూడా ఒకసారి వేసుకుని పెట్టుకోండి. 24 బిట్, 48 కిలోహెర్ట్జ్, స్టీరియో అయితే గంటకు ఒక జీబీ కాస్త పైన. నాలుగు ట్రాకులైతే రెండు. 32 బిట్ ఫ్లోట్ అయితే దాని మీద ఇంకో మూడో వంతు. మామూలు వేవ్ ఫైలు 4 జీబీ దాటలేదు. చాలా రికార్డర్లు అక్కడికి, కొన్ని 2 జీబీకే, ఫైలును తెంపి కొత్తది మొదలుపెడతాయి. తెంపిన చోట పాట పోకుండా రాస్తుందో లేదో ఇంట్లో రేడియో పెట్టి పరీక్షించండి. కార్డును కంప్యూటర్లో కాకుండా రికార్డర్‌లోనే ఫార్మాట్ చేయండి.

ఇంకొకటి, ఎంత చిన్న రికార్డరైనా అడగకుండా జేబులో పెట్టుకుని వెళ్లకండి. గ్రేట్‌ఫుల్ డెడ్ అనే అమెరికా రాక్ బ్యాండు 1984లో రికార్డింగ్ చేసుకునేవాళ్లకు హాల్లో విడిగా చోటే ఇచ్చింది. అందరూ అలా ఇవ్వాలని లేదు. అడిగితే చాలామంది ఒప్పుకుంటారు, కొందరు మిక్సర్ వైరు కూడా ఇస్తారు. దొంగచాటుగా తీసిన రికార్డింగ్ చొక్కా లోపలి నుంచి వచ్చినట్టే ఉంటుంది, ఎందుకంటే అది అక్కడినుంచే వచ్చింది కాబట్టి.

నాలుగు ట్రాకుల రికార్డర్ వచ్చాక ఇంట్లో గొడవలు తగ్గాయి. అది నేను ఊహించని లాభం. మైకులు కాస్త ఎక్కువ పెట్టి ఒక మిక్స్ చేసి డ్రమ్మరుకు పంపుతాను. మిక్సర్ ట్రాకులు కాస్త ఎక్కువ పెట్టి ఇంకోటి చేసి చెల్లెలికి పంపుతాను. "ఈసారి సరిగ్గా కుదిరిందన్నా" అని అతను ఫోన్ చేశాడు. "ఇన్నాళ్లకు నా పాట నాకు వినిపించింది అన్నయ్యా" అని చెల్లెలు మెసేజ్ పెట్టింది. ఇద్దరూ తమ దగ్గరున్నదే అసలుదనుకుంటున్నారు. నేనింకా ఎవరికీ చెప్పలేదు.